ఆమె ఉరకగా చూసినవాళ్లెవరు?

మా డ్రిల్లు టీచరమ్మ పోయిందన్న మాట మా ఇంటికి పొద్దున్నే, పాలు కాగుతుండగా వచ్చింది. గ్రౌండుకని బయలుదేరిన మనవరాలు పోయిన కాళ్లతోనే తిరిగొచ్చి గడపలో నిలబడింది. బూట్లు విప్పలేదు.

"నాయినమ్మా, టీచర్ లేదంట."

"లేకుంటే రేపొస్తది తియ్యి. బంద్ గద, బస్సులు లెవ్వు."

"రాదు నాయినమ్మా. నిన్న సాయంత్రం ఇంటి మెట్ల మీదనే పోయిందంట. గుండె ఆగిందంట."

పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. ముందు ఏడ్చాననుకుంటారేమో, ఏడవలేదు. పిల్లను దగ్గరికి లాక్కుని, వెనక్కి తిప్పి, దాని వీపుకు చెవి ఆనించి విన్నాను. లోపల గుండె కొట్టుకుంటూనే ఉంది, కొంచెం గాబరాగా. అది వినపడ్డాకే నాకు ఏడుపు వచ్చింది.

నాకు చదువు లేదు. యూనివర్సిటీ అమ్మాయిల హాస్టల్ మెస్సులో ఏళ్ల తరబడి రొట్టెలు కాల్చినదాన్ని. మోకాళ్లు మొరాయించాక ఇంట్లో కూర్చున్నాను. క్యాంపస్ గోడ వెనుక బస్తీలో మా ఇల్లు. టీచరమ్మ జ్ఞాపకంగా బడివాళ్లు పుస్తకం వేస్తున్నారని, అందరూ నాలుగు మాటలు రాసివ్వాలని మనవరాలు చెప్పింది. నాలుగు మాటలతో నాకు సరిపోదు, నాకో తగువు ఉంది, అది కూడా రాయమన్నాను. నేను చెబుతుంటే అదే రాస్తోంది. నా మాటను కొంచెం ఇస్త్రీ చేస్తానంది. చెయ్యి కానీ మడత పెట్టి దాచకు అన్నాను.

తగువు ఏమిటంటే ఇది. టీచరమ్మ పోయిన మూడో నాటికల్లా మా బస్తీలో ఒక మాట పుట్టింది. నల్లా దగ్గర బిందెతో నిలబడి పక్కింటి బాలమణే మొదట అంది:

"ఉరికి ఉరికి గుండె అరిగిపోయిందట. మిషన్ లెక్క గాదా గుండె? ఎంత తిప్పితే అంత అరుగుతది. దినాం పొద్దుగాల గ్రౌండు పట్టుకొని తిరిగె, ఏమయింది? ఇగ నా బిడ్డను నేను పంప."

అంతే. ఆ మాట ఇంటింటికీ తిరిగింది. పొద్దున్నే గ్రౌండుకు పోయే మా బస్తీ ఆడపిల్లలంతా ఇళ్లలో ఆగిపోయారు. ఒకళ్లను తల్లి ఆపింది, ఒకళ్లను మేనమామ ఆపాడు. అందరూ పదమూడు నుంచి పదహారేళ్ల మధ్య పిల్లలు. ఎముక గట్టిపడే వయసు, మనసు అటూ ఇటూ ఊగే వయసు. వాళ్లను మళ్లీ మూల కూర్చోబెట్టి, ఫోను చేతికిచ్చి, చాయిలో బన్ను ముంచి పెట్టడం మొదలైంది. నా మనవరాలు ఒక్కతే మిగిలింది. ఒక్కదాన్ని పంపడానికి నాకు ప్రాణం ఒప్పలేదు. ఎందుకు ఒప్పలేదో చెప్పాలంటే మొదటి నుంచి చెప్పాలి.

మనవరాలు ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు టీచరమ్మ మొదటిసారి నాతో మాట్లాడింది. తార్నాక దగ్గరి ఆడపిల్లల సర్కారు బడిలో ఆమె డ్రిల్లు చెప్పేది. ఊరు అనంతపురం పక్క. బడి మైదానం రెండు చాపలంత కూడా ఉండదు కాబట్టి, అడిగి అనుమతి తెచ్చుకుని, పొద్దున్నే మా పిల్లలను క్యాంపస్ గ్రౌండుకు తీసుకుపోయేది. వేసవి సెలవులిచ్చిన రోజు నేను బడి గేటు దగ్గర నిలబడి ఉంటే, చీర కుచ్చెళ్ల కింద తెల్ల గుడ్డబూట్లతో నా ముందుకొచ్చి నవ్వుతూ అంది:

"అవ్వా, నీ మనవరాలికి శానా దమ్ము ఉండాది. జాగ్రత్తగా చూసుకో."

మా పక్క దమ్ము అంటే ఏమిటో మీకు తెలుసు. మా ఆయన దమ్ముతోనే పోయాడు. హాస్టల్ బాయిలర్ దగ్గర బొగ్గు పొగలో పనిచేసి, చివరి చలికాలమంతా గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయాడు. పడుకుంటే ఊపిరి అందేది కాదు. ఆయన రొమ్ములో పిల్లి అరిచినట్టు వచ్చే చప్పుడు నా చెవుల్లో ఇంకా ఉంది. ఆ రోగం మనవరాలికి దిగిందని, స్వయంగా టీచరే చెప్పిందని నేను అనుకున్నాను.

ఇక దాన్ని గడప దాటనివ్వలేదు. చల్లనీళ్లు బంద్, పెరుగు బంద్, ఫ్యాను బంద్. ఆ ఎండల్లో చెవులకు గుడ్డ కట్టాను. "నాకేం గాలేదు నాయినమ్మా" అని అది మొత్తుకుంటే, "మీ తాత గూడ గట్లనే అన్నడు" అని నోరు మూయించాను. మృగశిర నాడు జనంలో తోసుకుంటూ పోయి, దాని ముక్కు మూసి, చేపమందు మింగించాను. బతికున్న చేపపిల్ల. అది గొంతులో తోక ఆడించిందని మూడు రోజులు ఏడ్చింది. పథ్యం కూడా పాటించింది పాపం.

బడి తెరిచాక పిల్ల గ్రౌండుకు రాకపోయేసరికి టీచరమ్మ వెతుక్కుంటూ మా ఇంటికే వచ్చింది.

"ఏమవ్వా, పాపను పంపడం లేదు?"

"దమ్మున్న పిల్లను ఉరికిస్తరా టీచరమ్మా? మీకు దయ లేదా?"

"దమ్ముండాది కాబట్టే కదా పరిగెత్తించాల!"

"మా ముసలాయన గిదే దమ్ముతోటి పోయిండు! చేపమందు గూడ ఏయించిన దీనికి!"

ఆమె నా మొహం చూసింది, చెవులకు గుడ్డ కట్టుకున్న పిల్లను చూసింది. విషయం అర్థమై, కూర్చున్న పీట మీద నుంచి పడబోయి గోడ పట్టుకుంది. అంత నవ్వింది. నవ్వాక నా చేయి పట్టుకుంది. "అవ్వా, మా పక్క దమ్ము అంటే రోగం కాదు. గుండె బలం. బెదరకుండా నిలబడతాదే, అది. నీ పిల్లకు అది ఉండాదని చెప్పినా" అంది. నేను మాత్రం తగ్గలేదు. "గట్లయితే సక్కగ చెప్పాలె గద! బలమున్నదంటే నాకు సమజ్ కాదా?" అన్నాను. ఇప్పటికీ అదే అంటాను. మాట ఆమెది తిరకాసు, నా చెవి కాదు. పాపం చేప!

అప్పటి నుంచి ఆమె మా ఇంటి మనిషైంది. వచ్చినప్పుడల్లా నానబెట్టిన చెనిక్కాయలు తెచ్చేది. మేము పల్లీలు అంటాం, ఆమె చెనిక్కాయలు అంటుంది. రెండు పేర్లతోనూ గిన్నె ఖాళీ అయ్యేది. పిల్లలు పొద్దున్నే ఖాళీ కడుపుతో గ్రౌండుకు వస్తే ఊరుకునేది కాదు. గుప్పెడు గింజలు, చిన్న బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాకే ఈల ఊదేది. బాలమణి కూతురు ఒళ్లు తగ్గాలని పూటలు మానేసి, ఒకరోజు కళ్లు తిరిగి పడబోయింది. టీచరమ్మ కోప్పడలేదు. పక్కన కూర్చుని, "కడుపు మాడ్చుకుంటే ముందు తగ్గేది నడుము కాదు పాపా, నవ్వు. చూడు, ఎన్ని దినాలైంది నువ్వు నవ్వి?" అంది. ఆ పిల్ల అక్కడే ఏడ్చేసి, ఆ రోజు మా ఇంట్లో రెండు జొన్నరొట్టెలు తింది.

గ్రౌండు అంచున ఒక పెద్ద రాయి ఉంటుంది. దానికి టీచరమ్మ ఒక పద్ధతి పెట్టింది. నెలసరి నొప్పి ఉన్న పిల్ల, రాత్రి నిద్ర పట్టని పిల్ల, ఇంట్లో గొడవై మనసు బాగాలేని పిల్ల, ఎవరైనా సరే, చెప్పకుండా పోయి ఆ రాయి మీద కూర్చోవచ్చు. ఎందుకని ఎవరూ అడగకూడదు. కావాలంటే లేచి మెల్లగా నడవచ్చు, లేకపోతే కూర్చునే ఉండవచ్చు. మా కాలంలో ఆ మూడు రోజులు బయటి గుడిసెలో పడి ఉండేవాళ్లం, నీళ్లు కూడా పైనుంచి పోసేవాళ్లు. ఈ రాయిని చూసి నాకు కడుపు నిండింది. పిల్లలు మాత్రం ఒక మాట గుసగుసగా అనుకునేవాళ్లు, నవ్వుకునేవాళ్లు: టీచర్ మనల్ని ఉరికిస్తది కానీ తాను ఉరకదు! నిజమే. ఈల మెడలో వేసుకుని, మైదానం అంచునే, తూకం వేసినట్టు నడిచేది. "ఒళ్లు బరువు, బద్ధకం" అని ఒకతి అంటే, "చీర కట్టుకుని ఎట్ల ఉరుకుతదే" అని ఇంకొకతి. నేనూ అదే అనుకున్నాను.

ఇంతలో ఉద్యమం వేడెక్కింది. నేను తెలంగాణ కావాలన్నదాన్నే. మా హాస్టల్ పిల్లలు ఊరేగింపుల్లో పోతుంటే గేటు దగ్గర నిలబడి వాళ్లతోపాటు గొంతు చించుకున్నదాన్నే. దానికి నేను ఎవరికీ సంజాయిషీ ఇవ్వను. కానీ ఆ రోజుల్లో టీచరమ్మ నోరు తెరవడానికి జంకేది. తెరిస్తే ఏ జిల్లానో తెలిసిపోతుంది. కూరగాయల దుకాణంలో వేలితో చూపించి కొనుక్కునేది. గ్రౌండులో కూడా మాటలు తగ్గించి ఈలతోనే నడిపించేది. పొట్టి ఈల అంటే ఆగండి, పొడుగు ఈల అంటే రాండి. ఈలకు యాస ఉండదు కదా.

ఒక బంద్ రోజు తార్నాక చౌరస్తాలో ఇద్దరం కలిసి నడుస్తున్నాం. నలుగురైదుగురు కుర్రాళ్లు జెండాలతో ఉన్నారు. ఒకడు ఆమె మాట విన్నట్టున్నాడు.

"మేడం, మీదే జిల్లా?"

ఆమె చేయి నా చేతిలో చల్లబడిపోయింది. వాడు మళ్లీ అడిగాడు. అప్పుడు ఆమె ఏం చేసిందో తెలుసా? భయంలో, అలవాటుగా, మెడలోని ఈల నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదింది. చౌరస్తా అంతా మోగింది. ఆ కుర్రాళ్లలో ఒకడు చటుక్కున నిటారుగా నిలబడి చేతులు తొడలకు ఆనించాడు. బళ్లో నేర్చిన డ్రిల్లు ఒంట్లోంచి అంత సులభంగా పోతుందా? మిగతావాళ్లు వాణ్ని చూసి పగలబడి నవ్వారు.

"ఏ జిల్లా అని అడుగుతున్నవా రా?" అన్నాను నేను. "మీ చెల్లెండ్లకు డ్రిల్లు చెప్పే టీచరమ్మ. ఆమె జిల్లా నా జిల్లానే. ఇంకేమన్న అడగాల్నా?"

"అడిగిన గంతే అవ్వా, గంత గరమైతవేంది! పోండి మేడం, పోండి" అన్నాడు వాడు.

మలుపు తిరిగాక ఆమె ఒక దుకాణం మెట్టు మీద కూర్చుండిపోయింది. చాలాసేపు లేవలేదు. గుండె మీద చేయి పెట్టుకుంది. భయపడిందని అనుకున్నాను. భయపడింది కూడా.

ఇక పొగ రోజు సంగతి. ఆ పొద్దున్న గ్రౌండు నెమ్మదిగానే ఉంది. పిల్లలు ఎప్పటిలాగే వచ్చారు. నేనింకా పని మానలేదు, మెస్సులో పిండి కలుపుతున్నాను. ఉన్నట్టుండి రోడ్డు పక్క నుంచి టపటపమని చప్పుళ్లు, వెనుకే అరుపులు. పిండి చేతులతోనే పరిగెత్తాను. నా మోకాళ్లు అప్పుడు ఎట్లా కదిలాయో నాకు తెలియదు. నేను గ్రౌండుకు చేరేసరికి పోలీసులు వదిలిన తెల్లటి పొగ గాలికి కొట్టుకొస్తూ ఆ చివరి చెట్లను కమ్మేస్తోంది. కళ్లు మిరపకాయలు నలిపినట్టు మండాయి. పొగ అంటే మా ఆయన. నాకు ఇంకేమీ తోచలేదు.

టీచరమ్మ పొడుగు ఈల ఊదింది. పిల్లలు ఆమె చుట్టూ గుమిగూడారు. కొందరు అప్పటికే గేటు వైపు పరుగు తీయబోతున్నారు. ఆ రోజు ఆమె తన యాసను దాచుకోలేదు. గట్టిగా అరిచింది:

"ఉరకొద్దు! ఎవురూ ఉరకొద్దు! ఉరికితే పొగ ఇంకా లోపలికి పోతాది. గాలి యాడ నుంచి వస్తాందో ఆ పక్కకు నడవండి. కండ్లు నలుపుకోవద్దు. చేతులు పట్టుకోండి!"

బతుకంతా ఉరకమని చెప్పిన మనిషి ఉరకొద్దని అరుస్తుంటే పిల్లలు బిత్తరపోయారు, కానీ విన్నారు. ఒకరి చేయి ఒకరు పట్టుకుని గాలికి ఎదురుగా హాస్టల్ నల్లాల వైపు నడిచారు. నేను వాళ్లలో నా మనవరాలి కోసం వెతికాను. లేదు. అది అందరికంటే ముందు ఉండేది, అందుకే ఆ చివరి మలుపులో, చెట్ల వెనుక, పొగలో చిక్కుకుంది.

నేను అరిచాను. ఏమని అరిచానో కూడా గుర్తులేదు. టీచరమ్మ నన్ను ఒక్కసారి చూసి, కొంగు తడిపి మొహానికి కట్టుకుని, ఆ చెట్ల వైపు బయలుదేరింది. నడుస్తూ! మైదానం అంచునే, ఎప్పటిలా, తూకం వేసినట్టు నడుస్తూ పోతోంది!

"ఉరుకమ్మా!" అని గొంతు పోయేలా అరిచాను. "ఉరుకూ! నీకు కాళ్లు లెవ్వా? పిల్ల సస్తది!"

ఆమె వెనక్కి తిరగలేదు. చేయి మాత్రం ఎత్తి, ఆగు అన్నట్టు ఊపింది. అట్లాగే నడుస్తూ పొగలోకి పోయి మాయమైంది. నేను వెనుక పోబోతే దగ్గు ముంచుకొచ్చి నేల మీద కూలబడ్డాను. తిట్టాను. ఉన్న తిట్లన్నీ తిట్టాను. ఏ నాయనమ్మ అయినా తిడుతుంది.

ఎంతసేపైందో చెప్పలేను. పొగలోంచి ఇద్దరు బయటికి వచ్చారు, చేయీ చేయీ పట్టుకుని, నడుస్తూనే. తడి కొంగు ఇప్పుడు పిల్ల మొహానికి ఉంది, ఆమె మొహానికి లేదు. మనవరాలు తర్వాత చెప్పింది: భయంతో అది ఒక చెట్టును కౌగిలించుకుని కళ్లు మూసుకుని ఊపిరి బిగబట్టుకుందట. టీచరమ్మ వచ్చి దాని వీపు నిమిరి, "ముందు ఊపిరి వదులు పాపా. వదిలితే తీసుకోవడం దానికదే వస్తాది" అందట. వదిలిందట. ఆ తర్వాత నడిచారట.

పిల్లకు ఏమీ కాలేదు. నల్లా కింద కళ్లు కడిగాం. టీచరమ్మ మాత్రం ఆ రాయి మీద, పిల్లలు కూర్చునే ఆ రాయి మీద కూర్చుంది. పెదవులు నీలంగా ఉన్నాయి. పద్ధతి ప్రకారం ఎందుకని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఇప్పుడు చావు దగ్గరికి వస్తాను. టీచరమ్మకు పెళ్లి కాలేదు. తార్నాకలో ఒక అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో ఒక్కతే ఉండేది. బంద్ వల్ల బస్సులు దొరక్క ఊరి నుంచి అక్క రావడానికి మర్నాటి మధ్యాహ్నమైంది. అప్పటిదాకా ఐసు పెట్టె దగ్గర మా బస్తీ ఆడవాళ్లం కూర్చున్నాం. బాలమణి కూడా కూర్చుంది, ఆ మాట నిజం. అక్క వచ్చింది, ఏడ్చింది, అలసిపోయింది. చాయి గ్లాసు చేతిలో పెడుతూ, నన్ను తొలుస్తున్నది అడిగేశాను.

"అమ్మా, మీ చెల్లె పిల్లలతోటి తిరిగి తిరిగే గిట్లయిందా? నా మనవరాలు గూడ గదే చేస్తది. నాకు చెప్పు."

ఆమె నన్ను వింతగా చూసింది.

"అది యాడ పరిగెత్తింది అవ్వా? నేను తప్పించుకున్యా గానీ, మా ఇంట్లో పుట్టుకతోనే చెడ్డ గుండెలు. మా నాయన నలభై కూడా దాటల్యా. మా అన్న పొలంలోనే పడిపోయినాడు. దీనికి ఉద్యోగం వచ్చినాక తెలిసింది. నడువు, ఉరకొద్దు, భయపడొద్దు అన్న్యాడు డాక్టరు. ఉరకలేని డ్రిల్లు టీచరంటే ఉద్యోగం పోతాదేమో అని ఎవురికీ చెప్పల్యా. దినామూ నడిచింది, పద్ధతిగా తినింది, పెందలాడే పండుకుంది. ఆ గుండెతో మా ఇంట్లో యాభై చూసింది అదొక్కతే."

పొగలోకి నడుచుకుంటూ పోయిన ఆ వీపు నా కళ్ల ముందుకొచ్చింది. ఆ గుండెతో, ఆ పొగలోకి, నా తిట్లు వీపున మోస్తూ! డాక్టరు భయపడొద్దని కూడా చెప్పాడట. ఈ ఊళ్లో, ఆ రోజుల్లో, ఆమె చేయగలిగే పనేనా అది?

ఇదీ నా తగువు. బస్తీ పిల్లలంతా ఆగిపోయాక ఒక పొద్దున నల్లా దగ్గర, అందరి బిందెలూ వరుసలో ఉన్నప్పుడు, నా బిందె బోర్లించి దాని మీద కూర్చుని అడిగాను:

"మా టీచరమ్మ ఉరికి ఉరికి పోయిందన్నరు గద. ఆమె ఉరకంగ చూసినోళ్లెవ్వరో చెయ్యి లేపుండ్రి."

ఎవరూ లేపలేదు. బాలమణి మాత్రం ఊరుకోదు.

"గయితే ఉరకకుంటనే పోయిందా?"

"అవును. పుట్టుకతోటి వచ్చిన గుండె అది. నడిచింది గాబట్టే గిన్నేండ్లు ఉన్నది. వాళ్ల అక్క నోటితోటి చెప్పింది."

"నీకు భయం లేదా అవ్వా? బయట గా పొగలు, గా పోలీసోళ్లు. టీచరమ్మ గూడ లేకపాయె. నీ పిల్లను నువ్వు పంపుతవా?"

ఇంత రాయించినదాన్ని అబద్ధం ఎందుకు చెబుతాను? నాకు భయమే. మా బస్తీలో అందరికంటే నాకే ఎక్కువ భయం. పిల్ల దగ్గితే లేచి కూర్చుంటాను. దూరంగా టపాకాయ పేలినా గోడ పట్టుకుంటాను. ఆ గుండె సంగతి తెలిశాక, మనవరాలిని డాక్టరు దగ్గరికి తీసుకుపోయి గొట్టం పెట్టించి వినమన్నాను. "గుర్రంలా ఉంది, పరిగెత్తనివ్వండి" అన్నాడాయన. అయినా భయం పోలేదు. ఆ సంగతే బాలమణికి చెప్పాను.

"భయమున్నదే. మస్తు భయమున్నది. అయితే గా భయం నాది. దాన్ని పిల్ల కాళ్లకెందుకు కట్టాలె? నేను పోయి కూసుంట గాడ."

మర్నాడు పొద్దున్నే మనవరాలితో నేనూ బయలుదేరాను. గ్రౌండు చుట్టూ ఉన్న పొట్టి గోడ మీద కూర్చున్నాను. చలికి పళ్లు టకటకలాడుతున్నాయి. రోడ్డుకు అటు పక్కన పోలీసు వ్యాను ఆగి ఉంది. పిల్ల ఒక్కతే అంత మైదానంలో చీమలా కనిపించింది. ఆ చివరి మలుపు దగ్గర చెట్ల వెనక్కి పోగానే గోడ మీద నుంచి లేచి నిలబడ్డాను. మళ్లీ ఇటు తేలేదాకా నేను రెప్ప వేయలేదు. ఆ రోజంతా మెడ నొప్పి.

రెండు మూడు రోజుల తర్వాత వెనుక నుంచి ఒక గొంతు వినిపించింది.

"జరుగవ్వా. గోడంత నీ ఒక్కదానిదేనా?"

బాలమణి. నెత్తిన శాలువా, చేతిలో కూతురి చెయ్యి. కూతురిని మైదానంలోకి తోసి, నా పక్కన కూర్చుని, "నేను గుండె సంగతి నమ్మలే. నువ్వు సలికి సస్తవేమోనని వచ్చిన" అంది. ఇద్దరం ఆ మలుపు వైపే చూశాం. ఆ తర్వాత ఇంకొకతి వచ్చింది. ఆమె వెనుక ఆమె చెల్లెలు.

ఇప్పుడు మీరు పొద్దున్నే క్యాంపస్ వైపు వస్తే మమ్మల్ని చూడొచ్చు. స్వెటర్లు, శాలువాలు, మఫ్లర్లు చుట్టుకుని గోడ మీద వరుసగా కూర్చున్న ఆడవాళ్లం మేమే. పిల్లలు ఎటు తిరిగితే మా తలలన్నీ అటే తిరుగుతాయి. ధరల గురించి, కోడళ్ల గురించి, రాబోయే రాష్ట్రం గురించి మా నోళ్లు ఊరుకోవు. కానీ పిల్లలు ఆ చెట్ల వెనక్కి పోయిన క్షణాన గోడ మీద ఒక్క మాట ఉండదు. రోడ్డుకు అటు పక్కన వ్యాను మెట్టు మీద కూర్చున్న కానిస్టేబుల్ కూడా, ఒళ్లో హెల్మెట్ పెట్టుకుని, మాతోపాటు ఆ మలుపు వైపే చూస్తూ ఉంటాడు.